వేరే దంపతుల దగ్గర మిగిలిన ఎంబ్రియో (పిండం) మాకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

నర్సంపేట కోడలు

అందరికీ నమస్తే. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడలేను. అందుకే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగు అవుతుంది, ఓపికగా చదవండి.

నాకు 36, మా ఆయనకు 41. నేను ఇంట్లోనే మిషన్ కుడతా. ఆయన ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తారు. పెళ్ళైన కొత్తలో ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత నాకు మందులు మొదలయ్యాయి. ఏళ్ళ తరబడి నాకే స్కానింగులు, నాకే మాత్రలు. ఆయనకు కూడా ఒక టెస్ట్ చేయిద్దామని ఒక్కరికీ తోచలేదు. చివరికి హనుమకొండలో ఒక డాక్టరమ్మ ముందు ఆయనకే టెస్ట్ రాసింది. రిపోర్టులో అజూస్పెర్మియా అని వచ్చింది. సూదితో వృషణంలోంచి తీసి చూసినా వీర్యకణాలు దొరకలేదు. ఆ పాటికి నాలో అండాలు ఎన్ని మిగిలాయో చెప్పే ఏఎంహెచ్ కూడా 0.4కి పడిపోయింది. "మీ ఇద్దరి కణాలతో కష్టమమ్మా, డోనర్ గురించి ఆలోచించండి" అని డాక్టరమ్మ ఉన్నమాట చెప్పింది.

వేములవాడ రాజన్నకు కోడె కట్టాం. మేడారంలో ఎత్తు బంగారం మొక్కుకున్నాం. నా మెడలో పుస్తెలతాడు తప్ప మిగతా బంగారమంతా బ్యాంకులో కుదువ ఉంది.

పోయిన నెల తెలిసినవాళ్ళు చెబితే హైదరాబాద్‌లో ఒక సెంటర్‌కు పోయినం. డోనర్ అండం, డోనర్ వీర్యం రెండూ అయితే ఎంతవుతుందో చెప్పారు. విన్నాక మా ఆయన మొహం చూడలేకపోయా. బయటికి వస్తుంటే అక్కడి కోఆర్డినేటర్ మమ్మల్ని పక్కకు పిలిచింది. "అంత పెట్టలేమంటే ఇంకో దారి ఉంది. మా దగ్గర వేరే దంపతుల ఎంబ్రియోలు ఫ్రీజ్ చేసి ఉన్నాయి. వాళ్ళకు పిల్లలు పుట్టారు, ఇక వద్దన్నారు. ఎగ్ పికప్, అంటే అండాలు తీసే పని ఉండదు, గర్భసంచి లోపలి పొర (లైనింగ్) తయారు చేసి పెట్టెయ్యడమే. దీన్ని ఎంబ్రియో అడాప్షన్ ప్రోగ్రాం అంటారు, అమెరికాలో ఎప్పటినుంచో ఉంది" అని చెప్పింది. ముందు చెప్పిన దాంట్లో సగం కంటే తక్కువ. కాకపోతే డబ్బు నగదుగా ఇవ్వాలి. రసీదు సంగతి అడిగితే తర్వాత చూద్దామంది.

నిజం చెబుతున్నా, ఆ మాట విన్నప్పుడు నాకు చాలా సంతోషం అనిపించింది. ఎవరో భార్యాభర్తలు పిల్లల కోసం మాలాగే తిరిగి తిరిగి చేయించుకున్నది, వాళ్ళకు అవసరం తీరాక మాకు వస్తుంది. పారేసే బదులు మా ఇంట్లో పెరుగుతుంది. ఇందులో తప్పేముంది అనిపించింది.

ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. 2025 జూలైలో సికింద్రాబాద్ సరోగసీ కేసు టీవీలో చూశాం కదా. మీ బిడ్డే అని చేతిలో పెట్టారు, డీఎన్‌ఏ టెస్ట్ చేస్తే వాళ్ళ బిడ్డ కాదని తేలింది. మాకూ అట్లా ఏమన్నా అయితే? రేపు ఆ దంపతులు వచ్చి మా బిడ్డను మాకివ్వండి అంటే? బర్త్ సర్టిఫికెట్లో ఎవరి పేరు రాస్తారు? దత్తత కాగితం ఏమన్నా రాయించుకోవాలా?

మా ఆయన మాత్రం "నీ కడుపులో పెరిగితే నీ బిడ్డ, నీ బిడ్డయితే నా బిడ్డ, ఇంకేం అడగకు" అంటున్నారు. మా యారాలు తన చిన్న కొడుకును దత్తత ఇస్తామంటోంది. ఆమె మనసు మంచిది, కాదనను. కానీ నాకు మోయాలని ఉంది. ఆ ఆశ ఎంత వద్దనుకున్నా పోవడం లేదు.

తెలిసినవాళ్ళు చెప్పండి.


ల్యాబ్ కోటు

మేడమ్, నేను ఎంబ్రియాలజిస్ట్‌ని. మాది జనగామ, ఉద్యోగం హైదరాబాద్‌లో. ముందు అసలు మాట: ఆ డబ్బు కట్టకండి.

మన దేశంలో ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల మీద 2021లో ఏఆర్‌టీ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒక దంపతుల కోసం తయారు చేసి మిగిలిన ఎంబ్రియోలను వాళ్ళ కోసమే దాచాలి. ఇంకో దంపతులకు, ఇంకో ఆమెకు వాడకూడదు. పదేళ్ళకు మించి దాచకూడదు కూడా. గడువయ్యాక వాటంతట అవి పోనివ్వాలి, లేదా ఆ దంపతులు ఒప్పుకుంటే రిజిస్టరైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. చట్టంలో ఉన్నవి ఆ రెండు దారులే. ఇచ్చేవాళ్ళు మనస్ఫూర్తిగా ఇస్తామన్నా ప్రస్తుతానికి కుదరదు. ఈ నిషేధం తీసెయ్యాలని ఒక ఐవీఎఫ్ డాక్టర్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అది తేలి చట్టం మారేదాకా మాత్రం మీకు చెప్పిన "ప్రోగ్రాం" ఏ రిజిస్టర్డ్ క్లినిక్కూ చెయ్యకూడనిది. పైగా ఎంబ్రియో అమ్మడం నేరం. మొదటిసారి దొరికితే 5 లక్షల నుంచి 10 లక్షల దాకా జరిమానా. మళ్ళీ చేస్తే 3 నుంచి 8 ఏళ్ళ జైలు.

అమెరికా సంగతి ఆమె చెప్పింది నిజమే. అక్కడ 1997 నుంచే ఇలాంటి కార్యక్రమాలు ఉన్నాయి. టెన్నెస్సీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో నేషనల్ ఎంబ్రియో డొనేషన్ సెంటర్ అని ఒకటి పనిగట్టుకుని ఇదే చేస్తుంది. కొన్నిచోట్ల ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు ఒకరి వివరాలు ఒకరు చూసుకుని ఒప్పుకుంటారు. పిల్లల్ని దత్తత తీసుకునేటప్పుడు ఇంటికి వచ్చి విచారించినట్టే విచారణ కూడా చేస్తారు. 1994లో ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోతో 2025 జూలైలో ఒహాయో దంపతులకు ఒక బాబు పుట్టాడు. ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర, కణంలో ఏ మార్పూ జరగదు. అందుకే ముప్పై ఏళ్ళైనా నిలిచింది. విజ్ఞానపరంగా ఇందులో అబద్ధం ఏమీ లేదు, అడ్డం చట్టమే. పోనీ అక్కడినుంచి తెప్పించుకుందామంటే, పరిశోధనకు తప్ప మానవ ఎంబ్రియోలను దేశంలోకి తేవడాన్ని 2015లోనే నిషేధించారు.

ఇక మీకు చట్టబద్ధంగా ఉన్న దారి, మొదట వాళ్ళు చెప్పిన డబుల్ డోనర్. రిజిస్టరైన ఏఆర్‌టీ బ్యాంకు నుంచి అండాలు, వీర్యం తెప్పించి, మీ ఇద్దరి సంతకాలతో మీ పేరు మీదే ఎంబ్రియో తయారు చేస్తారు. ఖర్చు ఎందుకంత అంటే, ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారే అండాలు ఇవ్వాలి, ఏడుకు మించి తీయకూడదు, ఆ అండాలు ఒక్క దంపతులకే ఇవ్వాలి. పైగా దాతకు ఏడాదిపాటు బీమా కట్టాలి. పాతకాలంలో ఒకే దాత అండాలను నలుగురికి పంచి ఖర్చు తగ్గించేవాళ్ళు, ఇప్పుడది లేదు. "రెడీగా ఉన్నాయి, సగం ధరకు ఇస్తాం" అనేవాళ్ళు పుట్టుకొచ్చింది ఇక్కడే.

నగదు ఇచ్చి, రసీదు లేకుండా పెట్టించుకుంటే ఎంబ్రియో దాచే ఆ సన్నటి స్ట్రాలో ఉన్నది ఎవరిదో మీకు ఎవరు చెప్పాలి? ఆ దంపతులు ఒప్పుకున్నారన్న రుజువేది? వాళ్ళకు అసలు తెలియకుండా కూడా జరగొచ్చు. రోజూ ఆ ట్యాంకుల దగ్గర పనిచేసేవాడిగా చెబుతున్నా, ఆ మాట తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.


కరీంనగర్ చెల్లె

అక్కా, నేను అవతలి పక్క నుంచి రాస్తున్నా. మాకు ఐవీఎఫ్‌తో కవలలు. ఇంకా రెండు ఎంబ్రియోలు ఫ్రీజ్‌లో ఉన్నాయి. మూడో కాన్పు నా వల్ల కాదు, డాక్టర్లు కూడా వద్దన్నారు. ప్రతి ఏడాది స్టోరేజీ ఫీజు కట్టమని మెసేజ్ వస్తుంది, కడుతూనే ఉన్నాం.

ఇంకెవరికైనా ఇస్తామని మేమే అడిగాం. మాలాగే తిరిగినవాళ్ళకు ఇస్తే ఆ పుణ్యం వేరే అనుకున్నాం. చట్టం ఒప్పుకోదని మా డాక్టర్ చెప్పారు, పైన అన్న చెప్పిన మాటే. పోనివ్వడానికి సంతకం పెట్టమంటే నా చెయ్యి రావడం లేదు. మా పిల్లలు నిద్రపోతుంటే చూసి, వీళ్ళతో పాటు ఒకే రోజు తయారైనవే కదా అవి కూడా అనుకుంటా. చట్టం మారితే ముందు వరుసలో నిలబడి ఇస్తాం.

కానీ మీకు చెప్పిన పద్ధతిలో మాత్రం వద్దక్కా. మా ఎంబ్రియోలను మాకు చెప్పకుండా ఎవరికైనా అమ్మారని రేపు తెలిస్తే నేను బతికినన్నాళ్ళూ ఆ పిల్లల్ని వెతుక్కుంటా.


కాజీపేట అక్క

చెల్లె, నువ్వు అంటున్నా, ఏమనుకోకు. నీకంటే పదేళ్ళు పెద్దదాన్ని. నీ ప్రశ్న చదివి నిన్న రాత్రంతా ఏం రాయాలా అని ఆలోచించా. ఎందుకంటే మా పాప నువ్వు అడుగుతున్నట్టే వచ్చింది. వేరే దంపతులు ఇచ్చిన ఎంబ్రియో. 2018లో, ఈ చట్టం ఇంకా రాకముందు. అప్పుడు కేంద్ర వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు ఉండేవి, వాటి ప్రకారం రెండు పక్కలా సంతకాలతో చేశారు. పాప ఇప్పుడు రెండో తరగతి.

అందుకని ముందు నీ మనసులో ఉన్న దానికి జవాబు చెబుతా. చట్టం సంగతి ల్యాబ్ తమ్ముడు చెప్పాడు.

మోయాలని ఉంది అన్నావు చూడు, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. యారాలి కొడుకు మంచి పిల్లాడే కావచ్చు. దత్తత గొప్ప పనే. మా ఆడబిడ్డ శిశుగృహ నుంచి, ప్రభుత్వ దత్తత పోర్టల్ కారాలో ఏళ్ళు ఎదురుచూసి ఒక బాబును తెచ్చుకుంది, వాడంటే మా అందరికీ ప్రాణం. కానీ దత్తత తీసుకోవాలని మనసులో పుట్టాలి. మోయాలన్న ఆశను చంపుకోవడానికి దత్తత తీసుకుంటే ఆ పిల్లవాడికి అన్యాయం. ఒకే ఇంట్లో పెద్దమ్మ, అమ్మ కళ్ళ ముందు అటూ ఇటూ అవుతుంటే అది ఇంకో టెన్షన్.

మా అప్పటి సంగతి చెబుతా. కౌన్సెలర్ మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడింది. మా ఆయన రైల్వేలో లోకో షెడ్డు మనిషి, నాలుగు మాటలు కలిపి మాట్లాడడు. ఆయన్ని "ఈ బిడ్డకు మీ పోలిక రాదు, రేపు కోపంలో ఆ మాట నోటి వెంట రాకుండా ఉండగలరా" అని అడిగిందట. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "మా నాయిన పోలిక నాకు ఉంది, ఆయన తాగుడు మాత్రం నాకు రాలేదు. పోలిక సంగతి వదిలెయ్యండి" అన్నాడట. ఇంటికొచ్చి నాకు చెప్పినప్పుడు ఆ మనిషిని నేను కొత్తగా చూశా. మీ ఆయన చెప్పిన మాట కూడా అలాంటిదే, చెల్లె. దాన్ని జాగ్రత్తగా పెట్టుకో.

దాతల పేర్లు మాకు చెప్పలేదు. బ్లడ్ గ్రూపులు, వయసు, ఆమె అండం తీసినప్పటి వయసు, వాళ్ళకు అప్పటికే ఒక బాబు ఉన్నాడన్న మాట. అంతే. ఇద్దరి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ రిపోర్టులు, తలసేమియా రిపోర్టు పేర్లు కొట్టేసి మాకు ఇచ్చారు. అప్పుడు ఆ కాగితాలను మామూలుగా ఫైలులో పెట్టా. వాటి విలువ తర్వాత తెలిసింది, చెబుతా.

పద్ధతి నువ్వు అనుకున్నంత కష్టం కాదు. నెలసరి రెండో రోజు నుంచి ఈస్ట్రోజన్ మాత్రలు, మధ్యలో స్కానింగులు. లైనింగ్ ఏడెనిమిది మిల్లీమీటర్లు వచ్చాక ప్రొజెస్టరాన్ మొదలుపెట్టి, లెక్క ప్రకారం ఆరో రోజు పెట్టారు. మత్తు లేదు, కోత లేదు. మూత్రం ఆపుకుని పడుకోవడమే ఇబ్బంది. ల్యాబ్ అమ్మాయి గోడకున్న టీవీలో ముందు నా పేరు, మా ఆయన పేరు రాసున్న లేబుల్ చూపించి చదవమంది. తర్వాత ఎంబ్రియోను చూపించింది. గుండ్రంగా, ఒక అంచున పొర చీల్చుకుని కొంచెం బయటికి వస్తూ ఉంది. "హ్యాచ్ అవుతోంది మేడమ్, మంచిది" అంది. సన్నటి గొట్టంలో తీసుకొచ్చి పెట్టేటప్పుడు స్కానింగ్ తెరమీద తెల్లటి చుక్క ఒకటి జారి ఆగింది. దాని ఫోటో ప్రింటు ఇప్పటికీ నా దగ్గరుంది. మొదటిసారే నిలుస్తుందని మాత్రం అనుకోకు, మాకూ నిలవలేదు. ఎంబ్రియో ఎంత మంచిదైనా ఒక్కోసారి అంటుకోదు, అది నీ తప్పు కాదు.

ఒక మాట ఎవరూ ముందు చెప్పరు. బయటి అండంతో వచ్చిన గర్భాల్లో బీపీ పెరిగే ప్రమాదం ఎక్కువ. నాకూ ఏడో నెల నుంచి పెరిగింది. ఇంట్లో బీపీ మిషన్ కొనుక్కుని రోజూ రాసిపెట్టా, చివరికి కొంచెం ముందే ఆపరేషన్ చేశారు. కాబట్టి ఎంబ్రియో పెట్టించుకునేది హైదరాబాద్‌లో అయినా, నెలనెలా చూపించుకోవడానికి హనుమకొండలోనే ఒక మంచి డాక్టరును పెట్టుకో. ఆమెకు దాత సంగతి దాచకుండా చెప్పు. పల్లె నుంచి ఉప్పల్ దాకా బస్సులో ఊగుకుంటూ పోయి బీపీ చూపించుకునే పని కాదు.

ఇక కాగితాల సంగతి. పాపకు మూడేళ్ళప్పుడు ఊరికే నీరసపడేది, కళ్ళ కింద పాలిపోయేది. టెస్టులో హిమోగ్లోబిన్ బాగా తక్కువ వచ్చింది. పిల్లల డాక్టరు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీ ఇంట్లో, వాళ్ళ ఇంట్లో తలసేమియా ఎవరికన్నా ఉందా?" అని. నేను మా ఆయన మొహం చూశా. మా ఇద్దరి రక్తం ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు కదా. ఇంటికి పోయి బీరువాలోంచి ఫైలు తీసుకొచ్చి డాక్టరు ముందు పెట్టా. దాతలిద్దరి హెచ్‌బీ ఏ2, అంటే తలసేమియాకు చూసే రక్త పరీక్ష, నార్మల్. ఆయన చదివి, "అయితే ఐరన్ లోపమే అయ్యుంటుంది, ముందు దానికే మందులిద్దాం" అన్నారు. అట్లాగే తగ్గింది. ఆ రోజు ఆ కాగితం లేకపోతే పసిదాన్ని ఎన్ని సూదులు పొడిచేవాళ్ళో.

అందుకే చెబుతున్నా చెల్లె. రసీదు, సంతకాలు, బ్యాంకు పేరు, ఇవన్నీ పోలీసుల భయానికి కాదు, నీ డబ్బు కోసమూ కాదు. అవి పుట్టబోయే బిడ్డవి. ఆ కోఆర్డినేటర్ నీకు అమ్ముతున్నది కాగితం లేని బిడ్డను. రేపు ఆ బిడ్డకు పదిహేనేళ్ళొచ్చి, నేను ఎక్కణ్ణుంచి వచ్చా అని అడిగితే ఏ ఫైలు చూపిస్తావు?

బర్త్ సర్టిఫికెట్ గురించి టెన్షన్ పడకు. కన్నది నువ్వే కాబట్టి ఆసుపత్రివాళ్ళు నీ పేరు, మీ ఆయన పేరే పంపిస్తారు. దత్తత కాగితం రాయించే పనే లేదు. ఇప్పటి చట్టం ఇంకా గట్టిగా ఉంది. ఈ పద్ధతిలో పుట్టిన బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డే, ఆస్తి హక్కుతో సహా. దాతకు బిడ్డ మీద ఏ హక్కూ ఉండదు. దాతల వివరాలు గోప్యంగా ఉంటాయి కానీ మాయమవ్వవు, జాతీయ రిజిస్ట్రీలో ఉంటాయి. వైద్యపరంగా అత్యవసరమైతే దంపతులు అడగొచ్చు, కోర్టు ఆదేశిస్తే ఇవ్వాలి. ఇదంతా పద్ధతి ప్రకారం చేసినవాళ్ళకే. దొంగచాటుగా పెట్టించుకుంటే ఏ రిజిస్ట్రీలో వెతుకుతావు?

పాపకు చెప్పామా అని అడుగుతావు. చెప్పాం. నాలుగేళ్ళప్పటి నుంచే కొంచెం కొంచెంగా. ముందు చెప్పింది నేను కాదు, మా అత్తమ్మ. నాట్ల కాలంలో పాపను పొలానికి తీసుకుపోయి, "చూడు బిడ్డా, ఈ నారు మనది కాదు, పక్క మడివాళ్ళు పోసిండ్రు, వాళ్ళకు మిగిలితే మనకిచ్చిండ్రు. మన మడిలో పెరిగింది, ఇప్పుడు ఈ పంట ఎవరిది?" అని అడిగిందట. "మనది" అందట పాప. "నువ్వు గూడ గంతే" అందట. చదువుకోని మనిషి. నేను ఎట్లా చెప్పాలో తెలియక కిందా మీదా పడుతుంటే ఒక్క పూటలో చెప్పేసింది. మొన్న మొన్ననే పాప ఇంకో ప్రశ్న వేసింది, "వాళ్ళకు నేను తెలుసా?" అని. "నువ్వు పుట్టావని తెలియదు. ఎవరో ఒకరి ఇంట్లో పుట్టాలని మాత్రం కోరుకున్నారు" అన్నా. కాసేపు ఆలోచించి ఆడుకోవడానికి పోయింది.

రాఖీ పండక్కి మాత్రం నా మనసు ఆ బాబు మీదికి పోతుంది. మా పాపకు రక్తం పంచుకున్న అన్న ఎక్కడో ఉన్నాడు. బాగుండాలని దండం పెట్టుకుంటా. ఇది మనసులో ఉండే సంగతి, ఎంబ్రియో తీసుకున్న ప్రతి తల్లికీ ఉంటుందనుకుంటా. నీకు డబుల్ డోనర్ అయితే ఇద్దరు దాతలు వేర్వేరు మనుషులు, ఒకరికొకరు తెలియదు. ఆ సంగతి కూడా బిడ్డకు చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది. సెంటర్ మార్చు. లోపలికి అడుగుపెట్టగానే గోడ మీద ఏఆర్‌టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూడు, లెవెల్ 2 అని ఉండాలి. లెవెల్ 1 అంటే వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించే ఐయూఐ దాకే. అయిదేళ్ళకోసారి మళ్ళీ రిజిస్టర్ చేయించుకోవాలి కాబట్టి తేదీ కూడా చూడు. అండాలు ఏ బ్యాంకు నుంచి వస్తాయో పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ రాసివ్వమను. అండాలిచ్చే ఆమె వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. మీ ఆయన సంతకం, నీ సంతకం రెండూ ఉండాలి, కాగితం తెలుగులో అడుగు. ఇంకోటి తెలుసుకో, గర్భంలో పెట్టే నిమిషం దాకా మీలో ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. ఇవి అడిగితే మొహం చిట్లించే చోట డబ్బు కట్టకు. ఖర్చు భారమైతే సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ సెంటర్ పెట్టారు, అక్కడ ఏమేం చేస్తున్నారో ఒకసారి పోయి కనుక్కో. కనీసం కొన్ని టెస్టుల ఖర్చైనా తగ్గుతుందేమో.


నర్సంపేట కోడలు

అక్కా, ల్యాబ్ అన్నా, కరీంనగర్ చెల్లె, అందరికీ దండాలు. మీరు రాసినవి మా ఆయనకు చదివి వినిపించా. నారు మాట దగ్గర లేచి బయటికి పోయారు, కాసేపటికి వచ్చి మళ్ళీ చదవమన్నారు.

నిన్న ఆ కోఆర్డినేటర్‌కు ఆయనే ఫోన్ చేశారు. ఎంబ్రియో ఇచ్చినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం, పేర్లు కొట్టేసి అయినా సరే, చూపిస్తారా అని అడిగారు. "ముందు అడ్వాన్స్ కట్టండి, మీలాంటివాళ్ళు లైన్లో చాలామంది ఉన్నారు" అందట. ఇక అక్కడికి పోము. మిర్చి సీజన్ అయ్యాక ఆయనకు బోనస్ వస్తుంది. అప్పుడు వేరే సెంటర్‌కు పోయి పద్ధతి ప్రకారమే అడుగుతాం.

ఒక్క సందేహం. మా అత్తమ్మ మీ అత్తమ్మ లాంటిది కాదు. మా రక్తం కాదని తెలిస్తే ఎట్లా చూస్తుందో తెలియదు. చెప్పి చేయించుకోవాలా, అయ్యాక చెప్పాలా?

కరీంనగర్ చెల్లె, మీ పిల్లలు చల్లగా ఉండాలి. మీరు ఇస్తామన్న మాటే నాకు ఇచ్చినంత.


కాజీపేట అక్క

చెల్లె, మా అత్తమ్మ కూడా మొదట్లో అట్లా లేదు. పాప పుట్టాక మారింది. అందుకని నీ అత్తమ్మను ఇప్పుడే ఖాయం చెయ్యకు.

చెప్పడం మాత్రం మీ ఆయన పని, నీది కాదు. లోపం నాలో ఉందమ్మా అని కొడుకు నోటితో వింటే తల్లి నిన్ను అనలేదు. ఇన్నాళ్ళూ నువ్వు మోసిన మాటల్లో సగమైనా ఆయన దించాలి. గర్భం నిలిచాక కంటే ముందు చెబితేనే మంచిది. కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో గొడవలు పడితే బీపీకి మంచిది కాదు. యారాలికి కూడా అదే రోజు చెప్పండి. కొడుకును ఇస్తానన్న మనిషి, ఆమెకు వేరేవాళ్ళ నోటి వెంట తెలియకూడదు.

ఊళ్ళోవాళ్ళకు ఎవ్వరికీ చెప్పక్కర్లేదు. అది నీ బిడ్డ సంగతి, పెద్దయ్యాక చెప్పుకోవాలో వద్దో బిడ్డే తేల్చుకుంటుంది.

సీజన్ అయ్యేలోపు ఊరికే కూర్చోకు. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ ఇక్కడే చేయించుకో, తక్కువ ఉంటే సరిచేసుకోవడానికి సమయం దొరుకుతుంది. ఫోలిక్ యాసిడ్ డాక్టరమ్మను అడిగి ఇప్పుడే మొదలుపెట్టు. దాతల హెచ్‌బీ ఏ2 రిపోర్టు కావాలని కొత్త సెంటర్‌లో మొదటి రోజే అడుగు. ఏ సెంటరో ఖాయమయ్యాక ఇక్కడ మెసేజ్ పెట్టు, మీతో పాటు నేనూ వస్తా. మా ఆయనకు పాస్ ఉంది, కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగడమే.